నీడ పెరిగే నెలలు: కనిగిరి ప్రాథమిక బడిలో దసరా నుంచి సంక్రాంతి దాకా

దసరా సెలవులు ముగిసి బడి తెరిచే వేళకి కనిగిరి చుట్టుపక్కల చేలల్లో కంది మొక్క ఒకటో తరగతి పిల్లవాడి కంటే ఎత్తు పెరిగి ఉంటుంది. సజ్జ కోతలు అయిపోతుంటాయి. పొగాకు నారు నాటడానికి సిద్ధంగా ఉంటుంది. శనగ విత్తాలనుకునే రైతు మబ్బు వంక చూస్తుంటాడు. సంక్రాంతి సెలవులు ఇచ్చేనాటికి అదే కంది కాయ ముదిరి కోతకు దగ్గరపడుతుంది. పూత కాయగా మారే ఈ నెలల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే మన పిల్లలకు ఏ సబ్జెక్టులో ఏం ఒంటబడుతోంది? ఎక్కడ ఆగిపోతున్నారు? ఆగినచోట చెయ్యి పట్టుకుని దాటించేది ఏది? ఈ మూడు ప్రశ్నల చుట్టూ సాగే సమీక్ష ఇది.

ఏడాది మొత్తంలో ఈ నెలలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారాలు పుస్తకాలు పంచడానికి, యూనిఫాం కుట్టించడానికి, కొత్త పిల్లలు కుదురుకోవడానికి సరిపోతాయి. ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది, ఆ వెనుకే వార్షిక పరీక్షలు. నిలకడగా చదువు సాగగలిగేది ఈ నడిమి కాలంలోనే. జూలైలో వెనకబడ్డ పిల్లను అందుకునే అవకాశం ఇక్కడ ఉంది. ఇక్కడ కూడా వదిలేస్తే ఆ పిల్ల వెనకబాటుతోనే పై తరగతికి వెళుతుంది.

రోజుల లెక్క

విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి లోపు పిల్లలకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఆ లెక్కలో ఈ నడిమి నెలల వాటా పెద్దది, దానికి పడే చిల్లులూ పెద్దవే. దీపావళి, క్రిస్మస్ సెలవులు ముందే తెలిసినవి. తుపాను చెప్పి రాదు. ఈశాన్య రుతుపవనాల కాలం సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం వైపు దాటింది. ఇలాంటి వారాల్లో కోస్తా జిల్లాల బడులకు వరస సెలవులు తప్పవు. కనిగిరి సముద్రానికి దూరంగా ఉన్న మెట్ట ప్రాంతమే అయినా గాలివానకు ఆ దూరం లెక్కలోకి రాదు.

మిగిలిన రోజుల్లోనే పరీక్షలూ ఉంటాయి. ఫార్మెటివ్ పరీక్ష ఒకటి, అర్ధ సంవత్సరపు సమ్మెటివ్ ఒకటి దాదాపు ఈ కాలంలోనే పడతాయి. మొదటి సెమిస్టర్ పుస్తకం అయిపోయి రెండోది చేతికి వచ్చేది కూడా ఈ మధ్యలోనే. కొత్త పుస్తకం వచ్చిందంటే పాతదాంట్లో రాని పాఠం వెనకే ఉండిపోతుంది. సెమిస్టర్ పద్ధతి సంచి బరువు తగ్గించింది, అది మేలే. కానీ పాత పుస్తకం మూసే ముందు ఒక్క వారం ఆగి, ఎవరికి ఏం రాలేదో చూసుకునే ఏర్పాటు కూడా దానితోపాటు ఉండాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. 60 మంది లోపు పిల్లలున్న బడికి చట్టం ఇచ్చేది ఇద్దరు టీచర్లను. అంటే ఐదు తరగతులను ఇద్దరు పంచుకోవాలి. మూడో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి పలకల మీద గుణింతం రాస్తూ కూర్చుంటుంది. గంటసేపు బడిలో ఉన్న పిల్లకు టీచర్ ఎదురుగా కూర్చుని చెప్పిన చదువు ఇరవై నిమిషాలు దక్కితే గొప్ప. 200 రోజుల లెక్క చెప్పేటప్పుడు ఈ ఇరవై నిమిషాలను మరిచిపోకూడదు.

తెలుగు: వత్తుల వాకిలి

క నుంచి ళ దాకా 34 హల్లులు. తలకట్టు నుంచి సున్న దాకా ఒక్కోదానికి 14 రూపాలు వేసుకుంటే 476 అక్షరరూపాలు. వాటి మీద వత్తులు. ఏడేళ్ల పిల్ల ముందు ఉన్న కొండ ఇది. కొండ ఎక్కే దారి మాత్రం క్రమంగానే ఉంటుంది. గుణింతపు గుర్తులు అన్ని హల్లులకూ దాదాపు ఒకేలా అతుకుతాయి కాబట్టి పది హల్లులకు పట్టుబడితే మిగతావి తొందరగా వస్తాయి. అసలు చిక్కు వత్తుల దగ్గర వస్తుంది. క వత్తు, ప వత్తు తల్లి అక్షరానికి కాస్త దగ్గరగా ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులు పోలికే లేకుండా వేరుగా ఉంటాయి. ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు దాటిన పిల్లలు రెండో తరగతిలో ఈ వాకిలి దగ్గరకు చేరేది ఇంచుమించు ఈ నెలల్లోనే. అమ్మ, అన్న, అత్త, అవ్వ అని పుట్టినప్పటి నుంచీ నోటితో పలుకుతున్న మాటలన్నీ వత్తులతోనే ఉన్నాయి. అందుకే ఇంటి మాటల నుంచి వత్తులు నేర్పితే వాకిలి దాటడం తేలిక.

చదివే వేగాన్ని కొలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2021 జూలై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలుగులో పదం అంటే ఏమిటి? ‘చదువుకుంటున్నప్పుడు’ అన్నది మనకు ఒక్క పదం. అదే భావాన్ని హిందీలో, ఇంగ్లీషులో రెండు మూడు మాటలుగా విడదీసి రాస్తారు. నిమిషానికి పదాలు అనే కొలతను అన్ని భాషలకూ ఒకేలా పెడితే తెలుగు పిల్ల ఎప్పుడూ నెమ్మదిగా చదువుతున్నట్టే కనిపిస్తుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన పునాది అభ్యసన అధ్యయనం 20 భాషల్లో జరిగింది, ఏ భాషకు ఆ భాషలోనే వేగపు గీతలు గీసింది. ఆ మెలకువ మండల స్థాయిలో లెక్కలు రాసుకునేవారికీ ఉండాలి. కనిగిరి పిల్లను ఢిల్లీ పిల్లతో వేగంలో పోల్చే ముందు ఇద్దరూ చదివిన పదాల పొడవు చూడాలి.

ఇక యాస. ‘ఏడకి పోతుండావు’, ‘అట్టా చెప్పమాక’ అని ఇంట్లో మాట్లాడే పిల్ల పుస్తకంలో ‘ఎక్కడికి వెళుతున్నావు’ అని చదువుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు, లంబాడీ పిల్లలకు ఆ దూరం ఇంకా ఎక్కువ. తన మాట తప్పు అన్న భావం ఒక్కసారి పడిందంటే పిల్ల నోరు విప్పడం మానేస్తుంది. నోరు విప్పని పిల్లకు చదువు రాదు. ‘మీ ఇంట్లో దీన్నేమంటారు?’ అని అడిగి, ఆ మాటను బోర్డు మీద పుస్తకం మాట పక్కనే రాసే టీచరమ్మ ఒక్క ప్రశ్నతో ఆ దూరాన్ని సగానికి తగ్గిస్తుంది.

ఇంగ్లీషు: ఎదురు పేజీ

2020–21 నుంచి మన రాష్ట్రంలో లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఏ మాధ్యమంలో బోధించాలన్న దాని మీద కోర్టుల దాకా సాగిన వాదన ఎలా ఉన్నా పిల్ల చేతికి వచ్చిన ఈ ఎదురు పేజీ మాత్రం మంచి పనిముట్టు. తెలిసిన భాషలో అర్థమైనదాన్ని తెలియని భాషలో వెతుక్కోవచ్చు. కానీ ఆచరణలో చాలాచోట్ల పరీక్ష ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, రాత బోర్డు మీద చూసి దించుకోవడంలో గడిచిపోతుంది. అక్షరాల బొమ్మ మాత్రం గుండ్రంగా వస్తుంది, చదవమంటే పిల్ల టీచర్ మొహం చూస్తుంది. ప్రాథమిక బడిలో ఇంగ్లీషు ముందు చెవికి, తర్వాత నోటికి, ఆ తర్వాతే చేతికి రావాలి. రోజుకు ఐదు మాటలు, రెండు చిన్న వాక్యాలు, ఒక ఆట చాలు. ఈ నెలల్లో ఇంగ్లీషు నుంచి ఇంతకు మించి ఆశిస్తే ఆ భారం తెలుగు మీద పడుతుంది.

లెక్కలు: అప్పు తెచ్చుకునే చోటు

ప్రాథమిక గణితంలో పిల్లలు జారిపడే చోట్లు రెండు. మొదటిది స్థానవిలువ. 52లోంచి 27 తీసెయ్యాలంటే రెండులోంచి ఏడు పోదు, పదుల ఇంటి నుంచి ‘ఒకటి అప్పు తెచ్చుకో’ అంటాం. తెచ్చుకున్నది ఒకటా, పదా? మెట్ట పల్లెలో పుట్టిన పిల్లకు అప్పు అంటే బాగా తెలుసు. అప్పు తెస్తే తిరిగి కట్టాలనీ తెలుసు. ఇక్కడ తిరిగి కట్టేదేమీ లేదు, ఒక పది కట్టను విప్పి విడి పుల్లలుగా పరుచుకుంటున్నామంతే. చీపురు పుల్లలతో పదేసి కట్టలు కట్టించి, విప్పించి, మళ్లీ కట్టించిన తర్వాత గానీ ఆ లెక్క కాగితం మీదకు రాకూడదు.

రెండోది భాగహారం, దాని వెంట వచ్చే భిన్నాలు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో గుణకారం మీద భాగహారం, దాని మీద భిన్నం మెట్లు మెట్లుగా పేరుస్తారు. ఒక మెట్టు కదిలితే పైవన్నీ కదులుతాయి. ప్రథమ్ సంస్థ 2024లో గ్రామీణ భారతంలో చేసిన అసర్ సర్వే ప్రకారం ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 27.6 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు 26.5 శాతం. చదువు సంగతి చూస్తే, రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు మూడో తరగతిలో 23.4 శాతం, ఐదో తరగతిలో 44.8 శాతం. ఇవి దేశం మొత్తం మీది అంకెలు. 2022తో పోలిస్తే ఇవి పెరిగిన అంకెలే అన్నది ధైర్యాన్నిస్తుంది. అయినా ఐదో తరగతి గదిలో నలుగురిలో ముగ్గురికి భాగహారం రాదంటే, ఆ గదిలో భిన్నాల పాఠం ఎవరి కోసం చెబుతున్నట్టు?

కనిగిరి పల్లెల్లో భిన్నాలకు కరువు లేదు. కూలికి పోయిన తల్లి అరరోజు, ముప్పావు రోజు అని లెక్క చెబుతుంది. అవ్వ ఇప్పటికీ సోల, తవ్వ, మానిక అంటుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సగం, పాతిక అనేవి వంటింట్లోనే ఉన్నాయి. కనిగిరి పొగాకు వేలం కేంద్రంలో కిలో ధర ఎంత పలికిందో, బేలు ఎన్ని కిలోలు తూగిందో ఇంట్లో మాట్లాడుకుంటుంటే పిల్ల వింటూనే ఉంటుంది. బడి లెక్క ఆ ఇంటి లెక్కను పలకరించదు. రెండూ ఒకటేనని తెలిసిన రోజున పిల్లకు లెక్కలంటే భయం పోతుంది.

పరిసరాలు: కాచిన నీళ్ల పాఠం

ఒకటి, రెండు తరగతుల్లో పరిసరాల పాఠం భాషలో, లెక్కల్లో కలిసిపోయి ఉంటుంది. మూడో తరగతి నుంచి అది విడి సబ్జెక్టు. మొక్కలు, జంతువులు, ఆహారం, ఇల్లు, నీరు, ప్రయాణం, మన ఊరు దాని ప్రధాన అంశాలు. వీటిలో నీరు ఈ ఊరికి ప్రాణంతో సమానం.

కనిగిరి ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడింది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు బిగుసుకుంటాయి. పంటి మీది పింగాణీ పొర ఏర్పడేది ఎనిమిదేళ్ల లోపు. అంటే సరిగ్గా అంగన్‌వాడీ, ప్రాథమిక బడి వయసు. ఈ పాఠం ఎవరి కోసమో ఆ పిల్లలే దానికి ఉదాహరణలు కూడా.

ఏ బడిలోనైనా నీటి పాఠంలో చెప్పే మొదటి జాగ్రత్త నీళ్లు కాచి చల్లార్చి తాగమని. క్రిముల విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఫ్లోరైడ్ విషయంలో కాదు. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. పైగా కొంత నీరు ఆవిరైపోయి మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. రాష్ట్రమంతటికీ రాసిన పాఠానికి ఈ ఊళ్లో ఇంకో వాక్యం చేర్చాల్సిన బాధ్యత టీచర్‌ది. ఆ వాక్యం వెనుక మన తెలుగు నేల చరిత్రే ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు నల్గొండ పద్ధతి. కనిగిరి ఐదో తరగతి పిల్లకు ఈ సంగతి తెలియడం సామాన్యశాస్త్రం మాత్రమే కాదు, ఆరోగ్య రక్షణ కూడా.

ఊరి చరిత్ర పాఠానికీ ఇదే మాట. కనకగిరి అన్న పేరు, ఊరి మీది కొండకోట పిల్లలకు రోజూ కనిపించేవే. కొద్ది దూరంలో చంద్రశేఖరపురం వైపు భైరవకోన ఉంది. అక్కడ రాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి, కార్తీకంలో జనం పోటెత్తుతారు. గొల్లలు పాడుకునే కాటమరాజు కథకు మూలం కరువు, పచ్చిక, పుల్లరి. పశువులు మేసిన గడ్డికి పన్ను కట్టే విషయంలో నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో వచ్చిన తగవు యుద్ధానికి దారితీసింది. నీళ్లు లేని నేలలో పశువుల బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఊళ్లో కథ తెలిసిన పెద్దాయనను ఒక పూట బడికి పిలిస్తే చాలు.

అన్నం గంట, శనివారం

మధ్యాహ్న భోజనం కూడా చదువులో భాగమే. డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తున్న ఈ పథకంలో ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు జాతీయ ప్రమాణం. ఈ రోజు 43 మంది వచ్చారు, ఎన్ని కిలోల బియ్యం కావాలి? ఈ లెక్క నాలుగో తరగతి పిల్లలు వేసి వంట అమ్మకు చెప్పగలిగితే గుణకారం వాళ్లకు వచ్చినట్టే. 2023 నుంచి కొన్ని రోజుల్లో ఇస్తున్న రాగిజావ ఏ గింజ నుంచి వస్తుందో, ఆ గింజ ఎలాంటి నేలలో పండుతుందో అడిగితే అది పరిసరాల పాఠం.

బొమ్మలు, పాటలు, ఆటలు టైంటేబుల్లో ఉన్నా పరీక్షల ముందు మొదట బలయ్యేవి అవే. బడిసంచి లేని శనివారం అన్న ఆలోచన ఆ లోటు తీర్చడానికి వచ్చింది. దాన్ని ఊరికే ఆడుకునే పూటగా వదిలెయ్యకుండా, వారంలో విడివిడిగా చదివిన సబ్జెక్టులను ఒక పనిలో కలిపే పూటగా మలచుకోవాలి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలూ అంతే. ఆ వారంలో ప్రతి పిల్లా ఒక కథల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనంతట తానే చదివితే చాలు, ఊరేగింపులు లేకపోయినా ఫర్వాలేదు.

బడికి రాని పిల్లలు

ఏ పాఠం బాగా చెప్పినా వినడానికి పిల్ల ఉండాలి. ఈ మెట్ట ప్రాంతం నుంచి బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాదు వెళ్లే కుటుంబాలున్నాయి. పత్తి తీత మొదలయ్యేది ఈ నెలల్లోనే, ఆ వెనుకే గుంటూరు వైపు మిరప కోతలు. నాయన, అమ్మ వెళితే పిల్లను వెంట తీసుకుపోతారు, లేదంటే అవ్వ దగ్గర వదిలిపోతారు. వెంట పోయిన పిల్ల తిరిగివచ్చేసరికి వత్తుల పాఠం, తీసివేత పాఠం దాటిపోయి ఉంటాయి. అవ్వ దగ్గర ఉన్న పిల్లకు సాయంత్రం పలక చూసేవారు ఉండరు. వలస పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. అది పనికొచ్చేది కుటుంబం బస్సెక్కే ముందు తెరిస్తేనే.

బడి దూరం కూడా పిల్లను ఆపుతుంది. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకుని, తరగతికి ఒక టీచర్ ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పాటు చేశారు. తరగతికో టీచర్ అన్నది ఎన్నేళ్లుగానో కోరుకున్న మేలు. అయితే మూడేళ్లలో రెండుసార్లు బడి మారిన పిల్లలు ఇప్పుడు పై తరగతుల్లో ఉన్నారు. వాళ్లకు ఎక్కడ దారం తెగిందో ఒక్కొక్కరిగా చూడాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

పక్క బడుల నుంచి

తెలంగాణ 2022 ఆగస్టులో తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. తరగతి ఏదైనా పిల్ల నిలిచిన మెట్టు నుంచి చదువు, రాత, లెక్క నేర్పాలన్నది దాని సారం. పుస్తకం పేజీని కాకుండా పిల్లను చూసి పాఠం మొదలుపెట్టే ఈ పద్ధతి మనకూ కొత్త కాదు, కాకపోతే ఏడాది పొడవునా నిలబడాలి. ఇంగ్లండులో సెప్టెంబరుతోనే విద్యాసంవత్సరం మొదలవుతుంది, అక్కడ శరత్తు కొత్త పలక. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి తరగతులు కూడా సెప్టెంబరులోనే తెరుస్తారు. అక్కడి తెలుగు పిల్లకు వారానికి కొద్ది గంటలే తెలుగు వినిపిస్తుంది. అందుకే ఆ తల్లిదండ్రులు పాటలతో, నాటకాలతో, పండగలతో భాషను చుట్టుకుంటారు. కనిగిరి పిల్లకు తెలుగు గాలిలో ఉంది, నీళ్ల కరువు ఉన్నా మాటల కరువు లేదు. ఉన్న ఆ సంపదను పాఠంలోకి తేవడమే మనం చెయ్యాల్సింది.

కర్ర నాటితే

సబ్జెక్టులన్నీ చూశాక నాకు తేలింది ఇదే. పిల్లలు ఎక్కువగా ఆగిపోతున్నది పాఠం కష్టమైనందువల్ల కాదు. ఒక పాఠంలో నేర్చుకున్నది ఇంకో పాఠంలో అక్కరకు రాకపోవడం వల్ల. తీసివేత లెక్కల పుస్తకంలోనే ఉండిపోతుంది, నీరు పరిసరాల పుస్తకంలోనే, వత్తులు తెలుగు పుస్తకంలోనే. ఏ సబ్జెక్టులోనూ లేని పాఠం ఆ కలయికే.

దానికి ఖర్చు లేదు. బడి ఆవరణలో మీటరు పొడవు కర్ర నిటారుగా నాటండి. సెప్టెంబరు 22 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలిస్తే, కనిగిరి ఉన్న అక్షాంశంలో అది 28 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వారానికోసారి కొలుస్తూ పోతే నీడ పెరుగుతూ వస్తుంది. డిసెంబరు 22కు, అంటే శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజుకు, మనం గణిత దినోత్సవం జరుపుకునే నాటికి, అది దాదాపు 80 సెంటీమీటర్లు అవుతుంది. పక్కనే నిలువు గోడల సీసా ఒకటి పెట్టి వాన కొలవండి. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద పది మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు, అంటే ఇంటికి మోసుకొచ్చే 20 లీటర్ల క్యాన్లు యాభై. ఫ్లోరైడ్ లేని నీళ్లు కప్పు మీద నుంచి ఎన్ని పోయాయో ఐదో తరగతి పిల్ల గుణకారం చేసి, భాగహారం చేసి, తెలుగులో నాలుగు వాక్యాలు, ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, బొమ్మ గీస్తుంది. రెండో తరగతి పిల్ల ‘నీడ పెరిగింది’ అని రాస్తే చాలు. ఇద్దరు టీచర్లే ఉన్న బడిలో ఐదు తరగతులూ ఒకే పని చుట్టూ కూర్చోగలిగే పాఠం అది.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రులతో పెద్ద సమావేశం జరిగింది. అలాంటి సమావేశంలో నాయనకు మార్కుల కార్డు ఇవ్వడం మామూలే. దాంతోపాటు ఆయన కూతురు చేయి పట్టుకుని కర్ర దగ్గరకు తీసుకెళ్లి, ‘నాయనా, మొన్న దసరాకి నీడ ఇక్కడ దాకా ఉండె, ఇప్పుడు చూడు యాడికి వచ్చిందో’ అని చూపించగలిగితే, ఈ నెలల్లో ఆ పిల్ల ఏం నేర్చుకుందో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.